చందవోలును పడగొట్టింది ఎవరు?

తెనాలిలో రేపల్లె రైలు ఎక్కితే వరసగా చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోన, చివరికి రేపల్లె. చిన్నప్పుడు మా అబ్బాతో ఈ లైనులో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. స్టేషన్ల పేర్లు పహాడాల్లా, అంటే ఎక్కాల్లా, నోటికి వచ్చేవి. ఇప్పటికీ అటు పని పడితే బస్సు కన్నా నాకు ఈ రైలే ఇష్టం.

కిందటి నెల అలాగే వెళుతున్నాను. ఎదురుగా తెలిసిన మాస్టారు ఒకాయన, పక్కన ఏడో తరగతి చదివే మనవడు. పిల్లవాడి చేతిలో సాంఘికశాస్త్రం కితాబు. మధ్యయుగ రాజ్యాల పాఠం. భట్టిప్రోలు దాటుతుంటే మాస్టారు కిటికీలోంచి చెయ్యి చూపించి, "అటు వెళితే చందవోలు రా. ఒకప్పుడు వెలనాటి చోడుల రాజధాని. మహానగరం. తురకలొచ్చి మట్టిలో కలిపేశారు" అన్నారు. అని, నా మొహం చూసి, "మిమ్మల్ని అనడం లేదులెండి భాయి గారూ" అన్నారు.

ఆయన మంచి మనిషి. మా ఇంట్లో షాదీకి వచ్చి, అందరితో కలిసి కూర్చుని తిని, పిల్లల్ని దీవించి వెళ్ళిన మనిషి. అందుకే ఆ రెండో మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. మొదటి మాట తవారీఖు గురించి. అది తప్పో ఒప్పో చూసి చెప్పొచ్చు. రెండో మాట నా గురించి. నన్ను ఆ లెక్కలోంచి తీసెయ్యాలంటే ముందు అందులో వేసి ఉండాలి కదా! ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. రేపల్లెలో దిగి నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళిపోయాను. తర్వాత ఒకరోజు తీరిక చేసుకుని చందవోలు వెళ్ళాను. చదివినవి మళ్ళీ తిరగేశాను. మాస్టారికి నేను బాకీ ఉన్న జవాబు ఇది.

చందవోలు నిజంగానే రాజధాని. ఇప్పుడది బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలో ఒక ఊరు. లింగోద్భవస్వామి గుడి ఉంది, బండ్లమ్మ తల్లి గుడి ఉంది. వెలనాడు అంటే కృష్ణ దక్షిణపు ఒడ్డున మన తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టూ ఉన్న పల్లపు సీమ. ఈ సీమను ఏలినవాళ్ళు పుట్టు రాజులు కారు. తాము నాలుగో వర్ణం వాళ్ళమని శాసనాల్లో దాపరికం లేకుండా చెక్కించుకున్నారు. నాకు వాళ్ళలో బాగా నచ్చిన సంగతి ఇదే.

వాళ్ళ సల్తనత్ ఎలా లేచింది? 1070లో కులోత్తుంగ చోళుడు తమిళ దేశపు గద్దె ఎక్కాడు. అప్పటిదాకా వేరుగా ఉన్న వేంగి ఆయనకు ఒక సుబా అయిపోయింది. దూరాన ఉన్న సుబాకు నమ్మకమైన మనిషి కావాలి. వెలనాటి గొంకడు ఆ మనిషి. ఫౌజు నడిపాడు, శిస్తు వసూలు చేశాడు. కొడుకు రాజేంద్రచోడుడు ఇంకొంచెం పెద్దవాడయ్యాడు. మనవడు రెండో గొంకడి నాటికి పేరుకు చోళులు ఉన్నారు గానీ తీరమంతా హుకుం చందవోలుది. ఢిల్లీ బాదుషా పేరు చెప్పుకుంటూనే ఆసఫ్ జా 1724లో దక్కనుకు మాలికు అయ్యాడు చూడండి, అదే పద్ధతి, ఆరు వందల ఏళ్ళ ముందు. మధ్యయుగపు రాజ్యాలు చాలా వరకు ఇలాగే పుట్టాయి. పైవాడు బలహీనపడితే కిందవాడు రాజు. మజహబు ఆ తర్వాత వచ్చి కూర్చుంటుంది, రాజుకు దీవెన ఇవ్వడానికి.

ఇక మజహబీ జంగుల సంగతి. చందవోలు పేరు మన సాహిత్యంలో మిగిలింది ఒక నెత్తుటి కథతో. పండితత్రయంలో ఒకడైన మల్లికార్జున పండితారాధ్యుడు ద్రాక్షారామం వాడు, పన్నెండో శతాబ్దపు వీరశైవ గురువు, శివతత్త్వసారం రాసినవాడు. ఆయన చందవోలు దర్బారుకు వచ్చి బౌద్ధ గురువుతో వాదానికి దిగాడట. బౌద్ధుడు ఓడిపోయాడు. ఓడినవాడు ఊరుకోలేదనో, శివుణ్ణి తిట్టాడనో, పండితుడి శిష్యులు అతణ్ణి చంపేశారు. వెలనాటి రాజు తానూ శివభక్తుడే. అయినా ఖూనీ ఖూనీయే అని పండితుడి కళ్ళు తీయించాడు. శివుడి దయతో కళ్ళు తిరిగి వచ్చాయి, పండితుడి శాపంతో రాజు నాశనమయ్యాడు. ఇదీ పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో చెప్పిన కథ.

ఈ కథ జరిగిన తర్వాత చాలా ఏళ్ళు గడిచాక, పండితుడి పక్షం వాళ్ళు రాసుకున్నది. కళ్ళు తిరిగి రావడం ఎలా ఉన్నా, నాకు ఆశ్చర్యం వేరే చోట ఉంది. తమ శిష్యులు ఒక సన్యాసిని చంపారని ఆ పక్షమే రాసుకుంది. సిగ్గుపడుతూ కాదు, ఫఖ్రుగా. చచ్చినవాడి పక్షం నుంచి మనకు ఒక్క అక్షరం లేదు. నాకు చంపడం కన్నా ఈ ఖామోషీ ఎక్కువ భయం వేస్తుంది.

ఇప్పుడు బాపట్ల రండి. భావనారాయణస్వామి గుడి వల్లనే ఊరికి భావపురి అనీ, బాపట్ల అనీ పేరు. స్థలపురాణం ప్రకారం ఈ గుడి కట్టించింది క్రిమికంఠ చోళుడు. క్రిమికంఠుడు అంటే గొంతులో పురుగులు పడినవాడు. ఈ పేరు శ్రీవైష్ణవుల గురుపరంపర కథల్లో ఎవరిదో తెలుసా? శివుణ్ణి మించినవాడు లేడని దస్తఖతు చెయ్యమని రామానుజుణ్ణి వేధించిన చోళరాజుది. రామానుజుడు తప్పించుకుని మేలుకోటకు హిజ్రత్ చేశాడు. ఆయన బదులు దర్బారులో హాజరైన శిష్యుడు కూరత్తాళ్వారు కళ్ళు పోగొట్టుకున్నాడు. శైవుల కథలో శైవుడి కళ్ళు పోతాయి, వైష్ణవుల కథలో వైష్ణవుడి కళ్ళు పోతాయి. ఒక చోట విష్ణుభక్తుల పాలిటి జాలిం అనిపించుకున్న పేరు, మన బాపట్లలో విష్ణువుకు గుడి కట్టిన దాత పేరు. ఇద్దరూ ఒకరా వేరా అని పంచాయితీ పెట్టను. జనం జ్ఞాపకంలో ఒకే పేరు ఇలా రెండు పనులు చేస్తుంది.

అయితే ఆ జమానా అంతా కత్తులేనా అంటే కాదు. 1182లో కోట వంశపు రెండో కేతరాజు అమరావతిలో బుద్ధుడికి గ్రామాలు ఇనాం ఇచ్చాడు, అఖండ దీపాలు పెట్టించాడు. శాసనం ఇప్పటికీ ఉంది. ఆయన శైవుడు, అమరేశ్వరుడి భక్తుడు. ఒకే సీమ, ఒకే శతాబ్దం. ఒక దర్బారులో బౌద్ధుణ్ణి చంపిన కథ, ఇంకో దర్బారు నుంచి బుద్ధుడికి నూనె. ఏది అసలు మధ్యయుగం అంటే నేను రెండూ అంటాను.

భట్టిప్రోలు స్తూపం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా చుట్టాల్లోనే ఒకాయన దాన్ని శైవులు పడగొట్టారంటాడు, బజార్లో ఇంకొకరు మనవాళ్ళు పడగొట్టారంటారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వి ధాతు పేటికలు, అశోకుడి నాటి లిపికి దగ్గరి అక్షరాలు బయటికి తీశాడు. ఆయన రాసిపెట్టిన దాన్నిబట్టి, ఆయన రాకముందే స్తూపం ఇటుకలు రోడ్డు పనికి, రాళ్ళు కాలువ పనికి పోయాయి. తెల్లదొరల పబ్లిక్ వర్క్స్ వాళ్ళ ఘనకార్యం. ఈ ఒక్కదానికి మజహబు లేదు, ఠేకేదారు ఉన్నాడు.

పల్నాటి జంగు గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. పల్నాటి అనుగురాజు చందవోలుకు అల్లుడు, వెలనాటి వారి ఆడపడుచు మైలమ్మ భర్త. కాబట్టి అదీ మన ఇంటి గొడవే. సవతి తల్లుల కొడుకులు గద్దె కోసం పోట్లాడారు. నాగమ్మ శైవం, బ్రహ్మనాయుడి వైష్ణవం ఆ పోట్లాటకు జెండాలు అయ్యాయి. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని చదివినప్పుడల్లా నాకు మా ఇంటి దస్తర్‌ఖాన్ గుర్తొస్తుంది. అదే చాప, అదే మాట.

సరే, చందవోలు ఎలా పడిపోయింది? పృథ్వీశ్వరుడు వెలనాటి చివరి పెద్ద రాజు. ఓరుగల్లు నుంచి కాకతి గణపతిదేవుడు ఫౌజుతో దిగాడు. 13వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పృథ్వీశ్వరుడు ఓడిపోయాడు, చచ్చిపోయాడు. అతడి తలతో బంతాట ఆడామని గెలిచిన పక్షంలో బిరుదు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వెలనాడు కాకతీయుల ఖజానాలో కలిసింది. దివిసీమ నాయకుడి కొడుకు జాయపను గణపతిదేవుడు తెచ్చుకుని సేనాపతిని చేశాడు, అతడి అక్కచెల్లెళ్ళు ఇద్దరినీ పెళ్ళి చేసుకున్నాడు. జాయప మన తెనాలి పక్క చేబ్రోలులో గుళ్ళు కట్టించాడు, నృత్తరత్నావళి రాశాడు. ఓడినవాళ్ళది శైవం, గెలిచినవాళ్ళది కూడా శైవం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1204లో, అటు ఫిరంగీల దేశంలో సిలువ గుర్తు వేసుకుని జెరూసలేం విడిపిస్తామని బయలుదేరిన క్రైస్తవ ఫౌజు దారి మళ్ళి కాన్‌స్టాంటినోపుల్ అనే క్రైస్తవ నగరాన్నే లూటీ చేసింది. జంగుకు బయలుదేరేటప్పుడు చెప్పే పేరు వేరు, దోచుకునేటప్పుడు చూసే ఖజానా వేరు.

ఢిల్లీ ఫౌజు తెలుగు దేశంలో మొదటిసారి అడుగుపెట్టింది 1303లో. అప్పుడు ఓడి వెనక్కి పోయింది. అంటే చందవోలు గద్దె ఖాళీ అయ్యాక దాదాపు వంద ఏళ్ళకు. మాస్టారి మొదటి మాటకు ఇదీ జవాబు.

ఇక్కడితో ఆపితే నాకు సుఖం. కానీ ఇన్సాఫ్ కాదు. మావాళ్ళ మజ్లిసుల్లో నేను చాలాసార్లు ఇక్కడే ఆపాను. మల్కిభరాముడు తెలుగు కవుల్ని ఆదరించాడు, ఎంత గొప్ప సంగతి అని ముగించి చాయ్ తాగాం. అదీ సగం లెక్కే.

1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు ఖిలా పట్టుకున్నాడు. కోట నడుమ ఉన్న స్వయంభూ శివుడి గుడి పడగొట్టించాడు. నాలుగు తోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి, వెళితే చూడొచ్చు. తర్వాత కొద్ది ఏళ్ళకు ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం తురుష్కుల పాలనలో బ్రాహ్మణుల అగ్రహారాలు పోవడం, దేవతా విగ్రహాలు విరగడం, రైతుల పంట లాక్కోవడం వర్ణిస్తుంది. కావ్య భాష కాబట్టి కొంత పెంచి ఉంటారు, అయినా ఊరికే పుట్టిన ఏడుపు కాదది. బహమనీ మూడో ముహమ్మద్ షా 1480 ప్రాంతంలో కొండపల్లిలో గుడి పడగొట్టి, బ్రాహ్మణుల్ని తన చేత్తో చంపి, గాజీ అని ఖితాబు పెట్టుకున్నాడు. రాసింది ఎవరో దుష్మన్ కాదు, ఫిరిస్తా. ఈ పనితోనే ఆ వంశానికి నహూసత్ పట్టిందని జనం అనుకున్నట్టు కూడా ఆయనే రాశాడు. పండితారాధ్యుడి కథ రాసినవాళ్ళు ఫఖ్రు పడ్డారని పైన అన్నాను. గాజీ అన్న ఖితాబులో ఉన్నదీ ఆ ఫఖ్రే. ఒకచోట చూసి ఇంకోచోట కళ్ళు మూసుకుంటే నేను రాయడం మానుకోవాలి.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. తురుష్కుల్ని తరిమిన కాపయ నాయకుడు పెట్టుకున్న బిరుదు ఆంధ్రసురత్రాణుడు. విజయనగరం బుక్కరాయలు హిందూరాయ సురత్రాణుడు. సురత్రాణ అంటే ఏమిటో తెలుసా? సుల్తాన్! ఆ మాటకు సంస్కృతం షేర్వాణీ తొడిగారు. దుష్మన్ పేరు తిట్టు అయితే దాన్ని ఎవరూ తలకు కిరీటంలా పెట్టుకోరు. ఇదే కాపయ ఢిల్లీ మీద బగావత్ చేసిన హసన్‌కు మదత్ పంపాడు. ఆ హసనే 1347లో బహమనీ సల్తనత్ పెట్టాడు, పెట్టిన కొన్నాళ్ళకే కాపయ మీదికి ఫౌజు తోలాడు. అద్దంకిలో లేచిన ప్రోలయ వేమారెడ్డి మ్లేచ్ఛులనే సముద్రాన్ని తాగేసిన అగస్త్యుణ్ణని శాసనం వేయించుకున్నాడు. ఆయన వంశం కొండవీటి నుంచి చేసిన యుద్ధాల్లో రాచకొండ వెలమలతో చేసినవి తక్కువేమీ కావు.

కొండవీడు అన్నాను కాబట్టి 1515 దగ్గర కాసేపు నిలబడాలి. అప్పుడు ఖిలా ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి తీసుకుని, మన సీమ మీదికి వచ్చి, కొండవీటిని చుట్టుముట్టాడు. జూన్ నెలలో ఖిలా పడిపోయింది. లోపల ఖైదు అయిన పెద్దవాళ్ళ పేర్లు రాయల శాసనాలు వరసగా చెబుతాయి. గజపతి కొడుకు వీరభద్రుడు, హంవీర పాత్రుడి కొడుకు నరహరి, పూసపాటి రాచిరాజు, ఇంకా కొందరు. ఆ జాబితాలోనే రెండు పేర్లు ఉన్నాయి: రాచూరి మల్లూఖాన్, ఉద్దండఖాన్.

మొదటిసారి చదివినప్పుడు ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పూరీ జగన్నాథుడి సేవకుణ్ణని చెప్పుకునే రాజు కోసం, తిరుమల వెంకన్నకు బంగారం ఇచ్చే రాజుకు ఎదురుగా, ఇద్దరు ఖాన్‌లు ఖిలా బురుజుల మీద నిలబడి ఉన్నారు. ఐదు పూటలా నమాజు అక్కడే చేసి ఉంటారు. వాళ్ళు తిన్న నమక్ గజపతిది. రాయల ఫౌజులోనూ ముసల్మానులు ఉన్నారు. అంతకు ముందు రెండో దేవరాయలే వాళ్ళను కొలువులో చేర్చుకుని, వాళ్ళు సలాం చేసేటప్పుడు ఇబ్బంది లేకుండా గద్దె ముందు ఖురాన్ పెట్టించాడని ఫిరిస్తా రాశాడు. అంటే ఆ రోజు బురుజు పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ, అల్లా పేరు పలికే నోళ్ళు, గోవిందా అనే నోళ్ళు రెండు వైపులా ఉన్నాయి. దీన్ని మజహబీ జంగు అనాలంటే ఏ మజహబుకు ఏ మజహబుతో?

మా తెనాలి కవి ఈ గాలిలోనే పెరిగాడు. కొండవీటి పాలన రాయల తరఫున నాదెండ్ల గోపమంత్రికి వచ్చింది. గోపన దగ్గర కొలువు చేసే ఊరదేచమంత్రికి అంకితంగా తెనాలి రామలింగడు ఉద్భటారాధ్య చరిత్ర రాశాడు, శైవ కావ్యం. తర్వాత అదే మనిషి తెనాలి రామకృష్ణుడై పాండురంగ మాహాత్మ్యం రాశాడు, వైష్ణవ కావ్యం. లింగడు కృష్ణుడు ఎందుకయ్యాడో రాయల దర్బారులో తాతాచార్యుల జోరు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలకు మనం చెప్పే రామలింగడి కథల్లో రాజగురువును ఆటపట్టించేవి ఎందుకు అన్ని ఉన్నాయో నాకు పెద్దయ్యాక అర్థమయ్యింది. పేరు మార్చుకుని నౌకరీ నిలబెట్టుకున్నవాడి నవ్వు అది.

ఇక గోల్కొండ కాలం. 1579లో అహోబిలం గుడిని లూటీ చేసి, రతనాలు పొదిగిన విగ్రహం పట్టుకుపోయిన కుతుబ్‌షాహీ సర్దారు పేరు మురహరిరావు. మరాఠీ బ్రాహ్మణుడు. అప్పుడు గద్దె మీద ఉన్నది ఎవరు? అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం అంకితం తీసుకున్న ఇబ్రహీం కుతుబ్ షా, మన మల్కిభరాముడే. తెలుగు పద్యం విని తల ఊపిన సుల్తానూ, నరసింహస్వామి సొమ్ము ఖజానాలో వేసుకున్న సుల్తానూ ఒక్కడే. ఎవరికి కావలసిన సగం వాళ్ళు తీసుకుపోతున్నారు.

రేవుల సంగతి వేరు. అక్కడ మజహబు అడిగితే వ్యాపారం నడవదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన శాసనం నాకు మన జిల్లా మొత్తంలో బాగా ఇష్టమైన రాయి. తుఫానుకు ఓడ ఒడ్డున పడితే అందులో సరుకంతా రాజులు లాక్కోవడం అప్పటి రివాజు. ప్రాణం కన్నా ఎక్కువ చేసుకుని సముద్రం మీద వచ్చినవాడి సొమ్ము తాకం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. అభయశాసనం అంటారు. మన భాషలో అమాన్. కొండవీటి రెడ్లు 1358లో ఆ అమాన్‌ను మళ్ళీ ఖాయం చేశారు. రేపల్లె దిగువన నిజాంపట్నం గోల్కొండ వారి రేవు అయ్యాక, 1611లో ఇంగ్లీషువాళ్ళు పెట్టపోలి అని దాన్ని పిలుస్తూ వచ్చి లంగరు వేశారు. వాళ్ళు మాత్రం సుంకం కట్టి వెళ్ళిపోలేదు, అది వేరే కథ.

పోయిన వారం మళ్ళీ అదే రైలు, అదే మాస్టారు, అదే మనవడు. ఈసారి నేనే ముందు నమస్కారం పెట్టాను. చందవోలు సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. "గణపతిదేవుడా!" అని ఊరుకున్నారు. పిల్లవాడికి మాత్రం కొండవీటి కథ పట్టింది.

"మల్లూఖాన్‌ని రాయలు ఏం చేశాడంకుల్?"

"చంపలేదురా. అందర్నీ ప్రాణాలతో పట్టుకుని, అభయం ఇచ్చాడని శాసనంలో ఉంది."

"అయితే మల్లూఖాన్ మనవైపా, వాళ్ళవైపా?"

మాస్టారు ఏదో చెప్పబోయి ఆగిపోయారు. "మన అంటే ఎవర్రా, రాయలా గజపతా?" అని వాడినే అడిగారు. వాడు వేళ్ళ మీద ఏవో లెక్కలు వేస్తున్నాడు. పల్లెకోన దాటింది, సామాన్లు దించుకోవడం మొదలుపెట్టాం.